గుర్రం పద్దులో నా ఎలుకలు

గాజు గొట్టంలో పోసిన నాన్న రక్తం 20 నిమిషాలైనా గడ్డకట్టలేదు. డ్యూటీ డాక్టరమ్మ గొట్టాన్ని మెల్లగా ఒంచి చూసింది. రక్తం నీళ్లలా జారింది. "రక్తపింజరే" అని, నర్సు వైపు తిరిగి "పది వయల్స్ కలపండి" అంది.

2012 డిసెంబరు, వరి కోతల రోజులు. ఆదివారం కావడంతో నేనూ ఊళ్లోనే ఉన్నాను. పనలు ఎత్తి మోపు కడుతుంటే అడుగున చుట్టుకుని పడుకున్న పాము నాన్న బొటనవేలి మొదట్లో కరిచింది. ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి మోచేతి దాకా వాచింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. పది వయల్స్, అంటే పది సీసాల పాము విరుగుడు మందు ఎక్కించాక ఆరు గంటలు ఆగి మళ్లీ గొట్టంలో రక్తం పోశారు. మళ్లీ జారింది. మళ్లీ పది. తెల్లవారుజామున మూడోసారి ఒంచితే రక్తం అడుగున ముద్దకట్టి కదలకుండా ఉంది. ఆ ముద్దని చూసి ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

మూడో రోజు నాన్న లేచి కూర్చుని ఇడ్లీ తింటూ అడిగాడు.

"ఆ మందు దేంతో చేస్తార్రా?"

"గుర్రం రక్తంతో నాన్నా. గుర్రానికి పాము విషం కొంచెం కొంచెం ఎక్కిస్తారు. దాని ఒంట్లో విరుగుడు పుడుతుంది. అది తీసి మనకిస్తారు."

కాసేపు నమిలాడు. "బతికే ఉందా ఆ గుర్రం?"

"ఉంటుంది. చంపరు. మళ్లీ మళ్లీ తీస్తారు."

"ఏం పెడతారంట దానికి?"

అప్పటికి నేను ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ చేసి రెండేళ్లు దాటింది. మూషికాల మీద, కుందేళ్ల మీద పరీక్షలు రాసి పాసైనవాణ్ణి. గుర్రానికి ఏం పెడతారో నాకు తెలియదు. "ఏదో దాణా పెడతారులే" అన్నాను. "ఉలవలు పెట్టాలి" అన్నాడు నాన్న, ఆ కంపెనీవాళ్లకి ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు.

తరవాత్తరవాత తెలుసుకున్నది ఇది. మన దేశంలో ఈ మందుకి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర 1978 నుంచి నడుస్తున్న ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషం. దాన్ని వారాల తరబడి మోతాదు పెంచుకుంటూ గుర్రానికి ఇస్తారు. మెడ దగ్గరి నరం నుంచి రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసుకుని, పద్ధతిగా చేసేచోట ఎర్రకణాలను తిరిగి గుర్రానికే ఎక్కిస్తారు. ఆ ప్లాస్మాని శుద్ధిచేసి, ఆరబెట్టి, పొడిగా సీసాలో పెడతారు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరిచెయ్యాలి, కట్లపాముదైతే 0.45. విరుస్తుందో లేదో తేల్చేది చిట్టెలుకలు. విషం, మందు కలిపి వాటికి ఎక్కిస్తారు. సగం చచ్చి సగం బతికే చోట లెక్క తేలుతుంది. అంటే నాన్న మందులో గుర్రం కాక ఇంకా చాలా ప్రాణాలున్నాయి. వాటి సంగతి ఆ రోజు నేను నాన్నకి చెప్పలేదు.

ఇంకో వైపు లెక్క కూడా చెప్పాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లో, పొలం పనులు చేసుకునేవాళ్లు. పాత ఆంధ్రప్రదేశ్, అంటే ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాలూ, ఆ జాబితాలో పై వరసలోనే ఉంది.

కాబట్టి జంతువుల మీద ప్రయోగాలు మొత్తం ఆపెయ్యాలని ఎవరైనా అంటే, అవునని అనడానికి నాకు నోరు రాదు. అలా అనే నైతిక హక్కు నాకు లేదు. మా నాన్న ఈ సంవత్సరం కూడా మిరప తోటలో కలుపు తీయించాడు.

ఇక్కడే నాకు ఒక తేలిక దారి దొరికింది, చాలా ఏళ్లు దాన్ని వాడుకున్నాను. జంతుప్రేమికులు ఎవరైనా వాదనకి దిగితే చాలు, గుర్రం కథ చెప్పేవాణ్ణి. "మీ నాన్నకి పాము కరిస్తే అప్పుడు మాట్లాడుదాం" అనేవాణ్ణి. అవతలివాళ్లు ఊరుకునేవాళ్లు. నా రంగంలో ఇది అందరూ వాడే ఆయుధమే. కొందరికి గుర్రం, కొందరికి ఇన్సులిన్ కనిపెట్టడానికి 1921లో టొరంటోలో పనికొచ్చిన కుక్కలు, కొందరికి పెన్సిలిన్ పనిచేస్తుందని 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో తేల్చిన ఎనిమిది చిట్టెలుకలు. కథలన్నీ నిజం. వాటిని ఎక్కడ అడ్డం పెట్టుకుంటున్నాం అన్నదే నా పేచీ.

నా ఎలుకల గురించి చెప్పాలి.

2009లో, ఊరి బయట గుట్ట పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నా ప్రాజెక్టు. ఆ రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఏ కాలేజీ ఫార్మకాలజీ విభాగానికి వెళ్లినా బీరువాలో ఒకే పుస్తకం పాతిక పేర్లతో కనిపించేది: "ఫలానా ఆకు ఇథనాల్ సారం, అలోక్సాన్‌తో మధుమేహం తెప్పించిన ఎలుకలపై చూపే ప్రభావం." ఆకు మారేది, కాయ మారేది, బెరడు మారేది. నాకు వచ్చింది నేరేడు గింజ. నేరేడు గింజల పొడి చక్కెరకి మంచిదని మా నాయనమ్మకి కూడా తెలుసు. శాస్త్రవేత్తలూ దాని మీద వందేళ్లకి పైగా పరిశోధనలు చేస్తూనే ఉన్నారు. "మరి మనది కొత్తేంటి సార్?" అని అడిగితే, మా గైడు గారు కాస్త ఆలోచించి "గింజలు మన జిల్లావి" అన్నారు. నవ్వుకున్నాం. సారాంశంలో కూడా ఆ మాటే రాశాను.

ముప్పై ఆరు ఎలుకలు వచ్చాయి. విస్టార్ జాతి, తెల్లవి, ఒక్కోటి రెండు వందల గ్రాములకి అటూ ఇటూ. యానిమల్ హౌస్ అంటే రెండు గదులు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఊక పరిచిన ప్లాస్టిక్ పెట్టెలు. గుర్తుల కోసం పిక్రిక్ యాసిడ్ పూస్తాం, పచ్చటి పసుపు రంగు: తలకి ఒకటి, వీపుకి ఒకటి, తోకకి ఒకటి, తలా వీపూ, తలా తోకా, ఏమీ లేనిది. ఆరింటికి ఆరు గుర్తులు. నా వేళ్ల పసుపు నెలరోజులు వదల్లేదు. మెస్సులో అన్నం కలుపుకుంటుంటే "ఏంట్రా పెళ్లికొడుకా" అని ఏడిపించేవాళ్లు.

అలోక్సాన్ క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలను చంపేస్తుంది. చచ్చే కణాల్లోని ఇన్సులిన్ ఒక్కసారిగా బయటికి రావడంతో ఆ రాత్రి చక్కెర పాతాళానికి పడిపోతుంది. అందుకే నీళ్ల సీసాల్లో గ్లూకోజు కలిపి పెడతారు. అయినా ఆ రాత్రే రెండు చచ్చిపోయాయి. ఒకదానికి జబ్బు రానే లేదు. ఆ ముప్పై ఆరులో ఆరు ముందే ఎక్కువగా తెప్పించి ఉంచినవి కాబట్టి సర్దేశాం. ఇక ఆ తరవాత 21 రోజులు, పొద్దున్నే, చివర గుండు ఉన్న వంపు సూదితో నోట్లోంచి పొట్టలోకి మందు పొయ్యడం. ఎడమ చేత్తో మెడ వెనక చర్మం ఒడిసి పట్టుకోవాలి, నోరు తెరుచుకుంటుంది, సూదిని బుగ్గ పక్కనుంచి జార్చాలి. మూడో రోజుకల్లా అవి నన్ను గుర్తుపట్టాయి. తలుపు గడియ చప్పుడు వినగానే మూలకి పోయి ఒకదాని కింద ఒకటి దూరేవి. ఇది నా ఊహ అని అనొచ్చు. నేను అక్కడే ఉన్నాను. అదే తలుపులోంచి దాణా వేసే అబ్బాయి వస్తే దూరేవి కావు.

తొమ్మిదో రోజు నాలుగో గ్రూపులో, తోకకి గుర్తున్న ఎలుకకి సూది తప్పు దారిన పోయింది. అన్నవాహికలోకి వెళ్లాల్సింది ఊపిరి గొట్టంలోకి వెళ్లింది. నేరేడు గింజల సారం ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ముక్కులోంచి ఆ రంగు బుడగలు వచ్చాయి. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. సీనియర్ వచ్చి చూసి, భుజం తట్టి, ఎక్స్‌ట్రాల పెట్టెలోంచి ఒకటి తీసి దాని తోకకి రంగు పూశాడు. "అందరూ చేసేదే" అన్నాడు.

థీసిస్‌లో "ఒక్కో గ్రూపుకి ఆరు" అనే ఉంది. ఆరోదానికి మందు పడింది 12 రోజులేనని ఎక్కడా లేదు. చివరి రోజు అన్నిటినీ, మిగిలిన ఎక్స్‌ట్రాలతో సహా, ఈథర్ జాడీలో పెట్టాం. మూడు కాపీలు బైండు చేయించాను, నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు. ఒకటి లైబ్రరీకి, ఒకటి గైడు గారికి, ఒకటి నాకు. వైవాకి వచ్చిన ఎగ్జామినర్ రెండు ప్రశ్నలు అడిగి భోజనానికి లేచారు. పేపరు పంపలేదు, ప్రచురించలేదు. నా 36 ఎలుకల నుంచి ప్రపంచానికి తెలిసినది ఏమీ లేదు.

ఈ ఎలుకల్ని నేను ఏళ్ల తరబడి ఆ గుర్రం పద్దులో రాసుకుంటూ వచ్చాను. "వైద్యశాస్త్రం కోసం" అన్న ఒక్క మాట కింద రెండూ సర్దుకుపోయాయి. నాన్న "బతికే ఉందా ఆ గుర్రం?" అని అడిగిన రోజున కూడా నాకు స్ఫురించలేదు. ఆ ప్రశ్న నన్ను పట్టుకోడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది, నేను ఒక కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో, మందుకి అనుమతి కోరుతూ ఇచ్చే డోసియర్లు కూర్చే ఉద్యోగంలో చేరి, జంతువుల డేటా రోజూ చదవడం మొదలుపెట్టాక. అక్కడ ప్రతి ఎలుకకీ నంబరుంటుంది. మధ్యలో చచ్చిపోతే ఎప్పుడు, ఎందుకు, కోసి చూస్తే లోపల ఏముంది, అన్నీ రాయాలి. సూది పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చినా "గావేజ్ పొరపాటు" అని, అంటే పొట్టలోకి మందు పొయ్యడంలో జరిగిన పొరపాటని, పెద్దక్షరాలతో రాయాల్సిందే. ఆ పదం మొదటిసారి చదివినప్పుడు కాసేపు స్క్రోల్ చెయ్యలేకపోయాను.

ఇలాంటివి చూడ్డానికి కమిటీ లేదా అని అడుగుతారు. ఉంది. 1950లలో నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతువుల కోసం ప్రైవేటు మెంబరు బిల్లు తెస్తే, ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాట ఇచ్చారు. అలా వచ్చింది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. ప్రయోగాలను అది నిషేధించలేదు, హద్దులు పెట్టింది. పుస్తకాలూ బొమ్మలూ చాలేచోట జంతువు వద్దని ఉంది. కేవలం చెయ్యి తిరగడం కోసం ప్రయోగం చెయ్యొద్దని ఉంది. చాలా మంచి మాటలు. వాటిని మీరితే గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. మా మెస్సు బిల్లు అంతకన్నా ఎక్కువ. 1998 నియమాల తరవాత ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలి, అందులో శాస్త్రవేత్త కాని ఒక సామాన్యుడూ ఉండాలి. మా కమిటీకి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వచ్చేవారు. నా ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "బాబూ, ఈ పని ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదా?" ఆ గదిలో అసలైన ప్రశ్న అదొక్కటే. నేను తడబడుతుంటే గైడు గారు "మన జిల్లా గింజల మీద చెయ్యలేదండీ" అన్నారు. ఆయన తలూపి సంతకం పెట్టారు.

మా ల్యాబు భాషలో చంపడాన్ని "శాక్రిఫైస్" అంటాం. "ఈ రోజు శాక్రిఫైస్ ఉంది" అంటే మధ్యాహ్నం క్యాంటీన్‌కి ఆలస్యమవుతుందని అర్థం. బలి అన్న మాట అసలు ఎలా వచ్చి ఇక్కడ చేరిందో గానీ, మా ఊరి పోలేరమ్మ జాతరలో బలి చూసినవాణ్ణి కాబట్టి తేడా తెలుసు. అక్కడ ఎవరి మొక్కు, ఎందుకు మొక్కారు, మొక్కు తీరిందా లేదా, ఊరందరికీ తెలుస్తుంది. పొట్టేలు ఊరి మధ్య నుంచి డప్పులతో నడుస్తుంది. నాకు ఆ బలి నచ్చదు, అది వేరే సంగతి. కానీ దాని పేరు మాత్రం అరువు తెచ్చుకుని, బహిరంగంగా జరగడమనే దాని ఒక్క మంచి లక్షణాన్ని బయటే వదిలేసి వచ్చాం.

మా స్నేహితుడొకడు ఇదంతా విని, ఆదివారం మా ఇంట్లో నాటుకోడి కూర వడ్డించుకుంటూ "కోడిని కొరుకుతూ ఎలుక కోసం ఏడుస్తావేంట్రా" అన్నాడు. ఇంట్లో ఎలుకకి జిగురు అట్ట పెడతాం కదా అని కూడా అన్నాడు. రెండూ నిజమే. శాకాహారినని చెప్పుకునే ఉద్దేశం లేదు, జిగురు అట్ట మాత్రం ఆ మాట తరవాత మానేశాను. కానీ కోడిని కోసేవాడు నా నాలుక కోసం కోస్తున్నానని నిజం చెబుతాడు. నేను విజ్ఞానం కోసం అని చెప్పి, డిగ్రీ కోసం చంపాను. కోడి ఒక్క క్షణంలో పోయింది, నా ఎలుకలు 21 రోజులు తలుపు చప్పుడుకి భయపడ్డాయి.

ఈ పద్దుల్ని విడదీసి చూస్తే వాదన కొంచెం తేలికవుతుందని నాకనిపిస్తుంది. కొన్ని పద్దులు తేటగా ఉంటాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకోండి. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని బయటపెట్టింది పిల్లి కండరాల మీద పనిచేసి. తరవాత అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం డైఇథైల్ కార్బమజీన్ అనే మందుని తయారుచేసి, ఫైలేరియా పురుగులు సహజంగా పట్టే కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద పరీక్షించింది. 1947లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఇచ్చే బోదకాలు మాత్ర అదే. గోదావరి జిల్లాల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదని మా అమ్మమ్మ చెప్పేది. ఆ ఎలుకల పద్దు ఎవరైనా తిరగేసుకోవచ్చు: ఏం చేశారు, ఏం తేలింది, అది ఎక్కడికి చేరింది.

ఫలితం మంచిదైతేనే పద్దు సరిపోతుందని కూడా అనడం లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1960లలో గోపాలన్ గారి బృందం ఒక చిక్కుముడి పట్టుకుంది. జొన్నే తిండిగా బతికే తెలంగాణ పేదలకి పెల్లగ్రా ఎందుకు వస్తోంది? ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడి పొట్టు లేచే జబ్బు అది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని వాళ్ల ఊహ. కుక్కలకి జొన్న ఆహారం పెట్టి చూస్తే, కుక్కల్లో పెల్లగ్రాకి జోడీ అనదగ్గ నల్ల నాలుక జబ్బు వచ్చింది. ఆ లూసిన్ సిద్ధాంతాన్ని తరవాత వేరే దేశాల వాళ్లు ప్రశ్నించారు, వాదనలు నడిచాయి. ఆ కుక్కలు దండగ అయ్యాయా? నా దృష్టిలో కాలేదు. వాటితో ఏం చేశారో అచ్చులో ఉంది కాబట్టే ఇంకొకరు కాదనగలిగారు. నా ఎలుకల్ని కాదనడానికి కూడా ఎవరికీ వీల్లేదు; బీరువా తాళం లైబ్రేరియన్ దగ్గర ఉంది.

కోవాగ్జిన్ అనే కోవిడ్ టీకా కోసం వాడిన కోతులదీ అంతే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 20 రీసస్ కోతులు, అయిదేసి చొప్పున నాలుగు గుంపులు. మూడు గుంపులకి టీకా, ఒక గుంపుకి ఉత్తుత్తి సూది, తరవాత అన్నిటికీ వైరస్. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. అవే కోతులు తెలంగాణ పల్లెల్లో మొక్కజొన్న చేలని పీకేస్తుంటే రైతులు తిట్టుకుంటారు, శనివారం అరటిపళ్లు పెడతారు, 1978లో వాటి ఎగుమతిని మన ప్రభుత్వం నిషేధించింది. ఒకే జంతువు మీద మనకి మూడు నాలుగు రకాల భావాలున్నాయి, దేనికీ దేనితో పేచీ లేదు.

పద్దు తేటగా లేకపోతే జరిగే నష్టం జంతువుతో ఆగదు. పక్షవాతానికి ప్రయోగశాలల్లో పరీక్షించిన చికిత్సలను 2006లో కొందరు ఏరి లెక్కపెడితే 1,026 తేలాయి. మనుషుల మీద ప్రయత్నించే దాకా వచ్చినవి 114. జంతువుల్లో అద్భుతంగా పనిచేసినట్టు కనబడ్డవి ఒకదాని తరవాత ఒకటి మనుషుల్లో చతికిలబడ్డాయి. ఎలుకకీ మనిషికీ తేడా ఉంది, అది ఒక కారణం. మా బోటివాళ్లం తోకకి రంగు పూసి ఆరు చేసిన లెక్కలు ఇంకో కారణం. గ్రూపుల్ని చీట్లు వేసి విడగొట్టకపోవడం, కొలిచేవాడికి ఏ గ్రూపో తెలిసిపోవడం, పనిచెయ్యలేదని తేలినవి అచ్చుకే రాకపోవడం. ఈ డేటా నమ్ముకుని రేపు ఎవరో ఒక రోగికి మందు ఇస్తారు. అదే 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందు ఆరుగురు ఆరోగ్యవంతులకి ఇచ్చారు. కోతుల్లో ఇబ్బంది లేదన్న మోతాదులో అయిదు వందో వంతు మాత్రమే. ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. అక్కడ ఎవరూ రంగు పూయలేదు. జంతువు చెప్పగలిగింది అంతే.

ప్రత్యామ్నాయాలు వస్తున్నాయి, వాటి మీద నాకు ఆశ ఉంది, కానీ జంతువు రేపటికల్లా అక్కర్లేదని చెప్పేవాళ్లని నమ్మను. కొత్త మందుల నియమాలను మన కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో సవరించి, చిప్పుల మీద పెంచిన మనిషి కణాలు, కంప్యూటర్ నమూనాల వంటి పద్ధతుల ఫలితాలనూ ఒప్పుకుంటామంది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014లోనే ఆగిపోయింది. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు అమెరికా స్క్రిప్స్ సంస్థతో కలిసి, గుర్రం అవసరం లేకుండా ల్యాబులో ఒక యాంటీబాడీ తయారుచేశారు. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా మాంబా పాముల విషంలోని ఒక రకం విషపదార్థాన్ని అది అడ్డుకుంటుందని 2024లో ప్రచురించారు. నాన్నకి కరిచిన రక్తపింజరకి అది కాదు. పైగా అది పనిచేస్తుందని చూపించింది చిట్టెలుకల మీదే. గుర్రాన్ని విడిపించడానికి ఇంకా కొన్ని ఎలుకలు కావాలి. ఆ ఎలుకల్ని ఒప్పుకుంటాను.

ఒప్పుకోనివి కాలేజీ ఎలుకలు. డిగ్రీ, పీజీ జువాలజీలో కోతలు 2014లో యూజీసీ ఆపించింది. నేను ఇంటర్లో కప్పని గుండుసూదులతో మైనపు పళ్లేనికి బిగించిన మధ్యాహ్నం ఇంకెవరికీ రానక్కర్లేదు. కప్ప గుండె మీద మందు వేస్తే గీత ఎలా పైకి లేస్తుందో చూపించే ఎక్స్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్‌ని పుదుచ్చేరి జిప్మర్‌లో ఎప్పుడో తయారుచేశారు. చెయ్యి తిరగడానికి అది చాలు. ఎం.ఫార్మసీ డిగ్రీకి ఒక ప్రాజెక్టు కావాలి అన్నంత మాత్రాన 36 ప్రాణాలు ఎందుకు కావాలో నాకు ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. అప్పటికే అచ్చయిన వంద నేరేడు పేపర్లని ఒకచోట చేర్చి, ఎన్ని సరిగ్గా చేశారో, ఎన్ని ఒకదానికొకటి పొసగవో తేల్చమని ఉంటే ఒక్క ఎలుక చావకుండా ఆ థీసిస్ కొంత పనికొచ్చేది. కష్టం కూడా ఎక్కువే ఉండేది, అసలు చిక్కు అక్కడే ఉందేమో.

మనుషుల మీద క్లినికల్ ట్రయల్ చెయ్యాలంటే మొదలుపెట్టకముందే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చెయ్యడం 2009 నుంచి తప్పనిసరి. నేను ఎలుకలకి రంగు పూసిన ఏడాదే. ఏం చెయ్యబోతున్నావో ముందే బహిరంగంగా రాస్తే, తరవాత నచ్చనిది దాచడం కష్టం. జంతువుల ప్రయోగాలకీ అలాంటిది పెట్టడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు. జర్మనీలో 2019లో స్వచ్ఛందంగా మొదలుపెట్టారు. కమిటీకి ఇచ్చే ఫారం ఎలాగూ ఉంది, దాన్నే జనం చూసేచోట పెట్టాలి, ఫలితం వచ్చినా రాకున్నా ఆ పక్కనే పెట్టాలి. హెడ్మాస్టరు గారి ప్రశ్నకి అప్పుడు ఆ గదిలోనే ఫోన్లో జవాబు వెతుక్కోవచ్చు. నా సహోద్యోగులు కొందరు "జనం చూస్తే గొడవ చేస్తారు" అంటారు. చెయ్యనీ. గుర్రం పద్దు చూపిస్తే మా నాన్న గొడవ చెయ్యలేదు, ఉలవల సంగతి అడిగాడు.

మొన్న అటక సర్దుతుంటే నల్ల రెక్సిన్ కాపీ దొరికింది. దాని వెనక సుతిలి దారంతో కట్టిన నా ల్యాబు నోటు పుస్తకం కూడా ఉంది. మూలల్లో ఇంకా పసుపు మరకలున్నాయి. థీసిస్‌లో లేనివి అందులో ఉన్నాయి కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. అలోక్సాన్ ఇచ్చినవి 30. మొదటి రాత్రి చనిపోయినవి రెండు. జబ్బు రానిది ఒకటి. ఎక్కువ మోతాదు గ్రూపులో పందొమ్మిదో రోజు ఒక ఎలుకకి చక్కెర కొలవలేదు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు అయిపోయాయి. థీసిస్‌లో ఉన్న అంకె ముందు కొలతా తరవాతి కొలతా కలిపి తీసిన సగటు. నాలుగో గ్రూపులో తోకకి గుర్తున్న ఎలుక తొమ్మిదో రోజు ఉదయం చనిపోయింది. సూది నా చేతిలో ఉంది. ఆ గ్రూపులో ఉన్నవి ఆరు కాదు, అయిదు.